ఊ కొట్టినవాళ్ళ ఓట్లు

చిట్టా 41

ఈ రోజు దిద్దిన మాట ఒక్కటే: "వేయిస్తాం."

ఉమ్మడి పక్షం అధ్యక్షుడు చలమయ్య గారి ప్రసంగాల్లోంచి ప్రమాదకరమైన మాటలు ఏరిపారేయడం నా ఉద్యోగం. ఏ మాట ఎందుకు మార్చానో రోజూ ఇలా చిట్టా రాయాలని పార్టీ నియమం. పార్టీలో ఎవరూ ఏదీ చదవరు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తున్నాను.

ఆయన రాసుకొచ్చింది: "ఆరో అంతస్తుకు కొత్త ఫ్యాను వేయిస్తాం." నేను మార్చింది: "ఆరో అంతస్తు ఫ్యాను పని అయిపోయిందనుకోండి."

"అదేంటమ్మా భ్రమరమ్మా, వేయిస్తాం అంటే ఏం పోయింది? మంచి మాటే కదా?" అన్నారాయన.

"మంచి మాటే అయ్యగారూ. గంట మోగుతుంది."

గంట అనగానే ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

లోతూరులో ప్రతి సభామందిరంలోనూ వేదిక పక్కన ఒక మాటకట్టు ఉంటుంది. నాయకుల అబద్ధాలు భరించలేక మా తాతల కాలంలో జనం తిరగబడి పెట్టించుకున్న యంత్రం. దాని ముందు ఎవరైనా "చేస్తాను" అంటే గంట కొడుతుంది. ఆ మాట ఎన్నికల లోపు నెరవేర్చాలి. నెరవేర్చకపోతే ఆ మనిషికి ఆ ఎన్నికల్లో పోటీ లేదు, ఓటూ లేదు. అది లంచం తినదు, నిద్రపోదు, మొహమాటపడదు. దానికి ఉన్న లోపమల్లా తెలుగు సరిగ్గా రాకపోవడమే. ఎవరో వేరే భాషవాళ్ళు తయారుచేసింది కొనుక్కొచ్చి మన మాటలు నేర్పారు.

ఒకసారి చలమయ్య గారు వేదికెక్కి, తను ఎంత సాదాసీదా మనిషో చెప్పుకోవడానికి, "నేను రోజూ పొద్దున్నే ఇడ్లీ తింటాను" అన్నారు. పాపం ఆయన అలవాటు చెప్పారు. యంత్రం వాగ్దానం అనుకుంది. గంట మోగింది. ఆ తర్వాత ఎన్నికలదాకా జ్వరమొచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, ఇద్దరు సాక్షుల ముందు ఆ నాచుపిండి ఇడ్లీ మింగాల్సిందే. ఆ దెబ్బకే పార్టీకి నాలాంటి మనిషి కావాల్సొచ్చింది.

"అయిపోయిందనుకోండి" అంటే ఏ భయమూ లేదు. ఎందుకంటే అనుకోవాల్సింది జనం. నేనుండేది ఆ ఆరో అంతస్తులోనే కాబట్టి రేపటి నుంచి నేనూ అనుకోవాలి.


చిట్టా 42

దిద్దిన మాటలు: ఏమీ లేవు. అయ్యగారు ఈ రోజు నోరు విప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి హేమ గాలిగొట్టం కింద చాప వేసుకుని పడుకుని ఉంది. ఎనిమిదో నెల. అల్లుడు మంచుగనిలో, ఎన్నికలైతే గానీ రాడు.

"ఎలా ఉందే?" అన్నాను.

"మాట్లాడించకమ్మా" అంది. మాట్లాడితే ఆయాసం.

పక్కింటి సింహాచలం పిన్ని అట్టముక్కతో విసురుతోంది. "పొద్దున్నుంచి ఇదే వరస. నానేటి సెయ్యను? ఇసిరిన గాలే మల్లీ ఇసురుతున్నాను" అంది.

నిజమే. లోతూరు నేల కింద ఊరు. పైన నేల మీద పీల్చడానికి ఏమీ లేదు. గాలి మొదటి అంతస్తులో తయారవుతుంది. ఒక్కో అంతస్తులో ఒక్కో పెద్ద ఫ్యాను దాన్ని కిందికి లాగుతుంది. ఐదు అంతస్తులవాళ్ళు పీల్చగా మిగిలిన గాలి మాది. మా ఫ్యానుకు రెండు రెక్కలు విరిగాయి. మిగిలినవి తిరిగేటప్పుడు మూలుగుతాయి, అలిసిపోయి కాసేపు ఆగుతాయి. డాక్టరమ్మ మొన్న వచ్చి ముఖం మీదే చెప్పేసింది: "ఫ్యాను మారకపోతే కాన్పుకి ఈ గాలి చాలదండీ. తల్లికీ చాలదు, బిడ్డకీ చాలదు."

పై అంతస్తుకి మారదామంటే అక్కడ ఒక మనిషి ఖాళీ అయితేనే ఇంకో మనిషిని రానిస్తారు. పైవాళ్ళు అంత తొందరగా చావరు, గాలి బాగుంటుంది కదా. పార్టీలో పనిచేసేదాన్ని, నా కూతురికి కాన్పు అయ్యేదాకా మూడో అంతస్తులో చోటు ఇప్పించమని మా వ్యూహకర్త ప్రద్యుమ్నని అడిగాను.

"చూద్దాం మేడం" అన్నాడు.

చూద్దాం! ఆ మాటకి మాటకట్టు ఇంతవరకూ ఒక్కసారి కూడా గంట కొట్టలేదు. ఆ యంత్రానికి సరిగ్గా వచ్చిన తెలుగు మాట అదొక్కటే.


చిట్టా 44

దిద్దిన మాట: "మేము." దిద్దింది నేను కాదు.

ప్రద్యుమ్న రెండో అంతస్తులో పుట్టి పెరిగినవాడు. ఆయాసం గురించి పుస్తకంలో చదివి ఉంటాడు. ఈ రోజు అయ్యగారి గదిలో తలుపులు వేయించి, "మేడం, ఆరో అంతస్తు సభకి 'అయిపోయిందనుకోండి' వద్దు. 'మనం కొత్త ఫ్యాను వేసుకుందాం' అని రాయండి" అన్నాడు.

"మనం అంటే?"

"మనం అంటే మనమే. మేము అంటే పార్టీ ఒక్కటే ఇరుక్కుంటుంది. మనం అంటే, ఎదురుగా కూర్చుని సరే అన్నవాళ్ళందరూ ఆ మాటకి కట్టుబడిపోతారు. తలా ఒక వాటా. అయ్యగారి వాటా ఒక బోల్టు అనుకుందాం. సభ అవగానే పంపించేద్దాం, ఆయన మాట తీరిపోయింది. మిగతా ఫ్యాను వాళ్ళు తెచ్చుకోవాలి."

"ఎక్కడినుంచి తెస్తారయ్యా? ఫ్యాన్లు, ఫిల్టర్లు అన్నీ మన పార్టీ స్టోరులోనే కదా ఉన్నాయి?"

"అదే కదా మేడం వ్యూహం" అని నవ్వాడు.

ఆరో అంతస్తు ఏనాడూ మాకు ఓటెయ్యలేదు. అక్కడ బలమంతా అసలైన ఉమ్మడి పక్షానిది. మా పక్షంలోంచే చీలిపోయి, పేరు ముందు "అసలైన" తగిలించుకున్నారు. ఫ్యాను తెచ్చుకోలేక ఆరో అంతస్తంతా మాట తప్పితే ఆ అంతస్తు మొత్తానికీ ఓటు ఉండదు. ఒక్క సర్వనామంతో ఎన్నిక గెలుస్తామన్నమాట.

"ఇంతా చేసి వాళ్ళు సరే అనకపోతే?" అన్నారు అయ్యగారు.

"అననక్కర్లేదండీ. ఊ అంటే చాలు. యంత్రం ఊ అన్నా సరే అన్నట్టే తీసుకుంటుంది, నేను పరీక్ష చేశాను. మనవాళ్ళు ఊ కొట్టకుండా ఎవరి మాటైనా విన్నారా ఎప్పుడైనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊ అంటే వింటున్నాం, చెప్పు అని. ఒప్పుకున్నాం అని కాదు. మా అమ్మమ్మ తిట్లకి కూడా మా తాత ఊ కొట్టేవాడు!" అన్నాను.

"ఆ తేడా మీకు తెలుసు, నాకు తెలుసు. యంత్రానికి తెలియదు కదా మేడం."

చలమయ్య గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "పాపం కాదటయ్యా?" అన్నారు. నేను ఆశగా చూశాను. తర్వాత ఆయనే, "మొత్తం ఎన్ని ఓట్లుంటాయి అక్కడ?" అన్నారు.

రాయనన్నాను. రాయకపోతే పార్టీ కార్డు వెనక్కి ఇచ్చి వెళ్ళమన్నాడు ప్రద్యుమ్న. నా కార్డు మీద వచ్చే గాలి డబ్బాతోనే హేమ రాత్రిళ్ళు నిద్రపోతోంది. కూర్చుని రాశాను. "మనం" అనే మాట పన్నెండు చోట్ల, ప్రతి చోటా ఆ తర్వాత ఊ కోసం కాస్త ఖాళీ. ఇంకే వెధవ భాషలోనూ ఇంత ఆప్యాయమైన మోసం కుదరదు.


చిట్టా 45

దిద్దిన మాటలు లేవు. దిద్దలేని మనుషుల్ని చూశాను.

ముందు అసలైన ఉమ్మడి పక్షం శాఖాధ్యక్షుడు గజపతి దగ్గరికి వెళ్ళాను. ప్రత్యర్థి కదా, కనీసం స్వార్థం కోసమైనా అడ్డుపడతాడు అనుకున్నాను. మొత్తం విని, తొడ చరిచి, "భలే! భలే! కట్టుబడనియ్యండి" అన్నాడు.

"ఓట్లు పోతాయి బాబూ! మీ ఓట్లు!"

"పోనియ్యండి భ్రమరమ్మ గారూ. ఆరో అంతస్తు ఓటు హక్కు కాజేశారని మిగతా ఐదు అంతస్తుల్లోనూ దుమ్ము లేపుతాం. జనానికి అన్యాయం జరిగితే తప్ప మాకు ప్రచారానికి ఏముంటుంది చెప్పండి?"

"నా కూతురు చచ్చిపోయేలా ఉందయ్యా."

"అయ్యయ్యో. ఆ సంగతి కూడా ప్రసంగంలో పెడతాం" అన్నాడు. నిజంగానే ఓదార్పుగా అన్నాడు. అక్కడే ఇంకాసేపు ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఇంటికొచ్చి మా వరస ఇళ్ళవాళ్ళందర్నీ నడవలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. సభలో ఎవరూ ఊ కొట్టొద్దు, అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు అన్నాను.

"ఊ" అన్నారు అందరూ.

"అదే వద్దంటున్నాను!"

"ఊ, ఊ, అర్థమైంది."

సింహాచలం పిన్ని పళ్ళూడిన నోరు తెరిచి పకపకా నవ్వింది. "ఇలాగ్గాదు, నాను కత సెప్తాను. ఊ కొట్టినోడికి మొట్టికాయ" అంది. మొదలుపెట్టింది. అనగనగా ఒక రాజు అందో లేదో, నడవంతా ఊ. మొట్టికాయలు పడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. ఊ. నోట్లో గుడ్డ కుక్కుకున్న పెద్దమనిషి ముక్కుతో ఊ అన్నాడు. చివరికి పిన్నే కథ ఆపేసి, "ఒలమ్మ, ఊ కొట్టేవోడు లేకపోతే నాకు కతే గుర్తు రావట్లేదు" అంది.

హేమ కూడా నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం వీళ్ళతో ఏదీ కాదని తేల్చుకుని తలుపేసుకున్నాను.


చిట్టా 48

దిద్దిన మాటలన్నీ గాలికి పోయాయి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సభకి ముందురోజు మా ఫ్యానుకి ఇంకో రెక్క విరిగింది. పొద్దున లేచేసరికి దీపాలు వెలుగుతున్నా కళ్ళకి మసకగా ఉంది. ఇళ్ళల్లో ఉండలేక అందరూ సభామందిరానికే చేరారు. అక్కడ కప్పు ఎత్తు, కాస్త నయం. హేమని చాపతో సహా నలుగురు మోసుకొచ్చి వేదిక దగ్గర గొట్టం కింద పడుకోబెట్టారు. దాని పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. చేతులు పట్టుకుంటే చల్లగా తగిలాయి.

చలమయ్య గారు మెడలో పూలదండతోపాటు గాలి డబ్బా కూడా వేసుకుని దిగారు. మూతి దగ్గర సన్నటి గొట్టం. పక్కన ప్రద్యుమ్నకి ఇంకొకటి. మాటకట్టు పక్కన నిలబడి ఆయనకి మాటలు అందించడం నా పని. హేమని వదిలి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానంటే, ఆ డబ్బా కోసమే; మా డబ్బా రాత్రికే అయిపోయింది. సభ అయ్యాక అడుక్కుందామని.

"నా ఆరో అంతస్తు అక్కల్లారా, అన్నల్లారా! మీ ఫ్యాను అంటే నా ఫ్యాను. మనం కొత్త ఫ్యాను వేసుకుందాం!"

ఊ కోసం ఆగారు.

ఊ రాలేదు.

నేను జనం వైపు చూశాను. నోళ్ళు తెరిచే ఉన్నాయి. ఛాతీలు ఎగసి పడుతున్నాయి. సింహాచలం పిన్ని గోడకి జారబడి కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. నేను చెప్పింది గుర్తుపెట్టుకుని ఊరుకున్నారనుకుంటే నా అంత తెలివితక్కువది ఉండదు. వాళ్ళకి ఊ అనడానికి ఊపిరి లేదు.

"మనం..." అన్నారాయన మళ్ళీ, "మనమందరం కలిసి వేసుకుందాం. ఏమంటారు?"

నిశ్శబ్దం. విరిగిన ఫ్యాను ఒక్కటే మూలిగింది.

నలభై ఏళ్ళు వేదికల మీద బతికిన మనిషి. తిట్లు తిన్నారు, చెప్పులు తిన్నారు, కుళ్ళిన కూరగాయలు తిన్నారు. కానీ ఇంతమంది కళ్ళార్పకుండా చూస్తూ ఒక్కరూ ఊ కొట్టకపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. "వినబడుతోందా?" అన్నారు. ప్రద్యుమ్న వైపు చూశారు. ప్రద్యుమ్న కాగితం వైపు చూశాడు. కాగితంలో దీనికి జవాబు లేదు, నేను రాయలేదు.

"ఏంటిది, కోపమా నా మీద? మనం అంటే నచ్చలేదా? సరే, మనం వద్దు. మేము వేస్తాం."

గంట ఠంగుమంది.

ప్రద్యుమ్న ఎగిరిపడ్డాడు. "అయ్యగారూ, వద్దు! ఆపండి!" అన్నాడు. ఆయనకి వినబడలేదు. ఆయనకి వినబడుతున్నది ఆ నిశ్శబ్దం ఒక్కటే.

"మేము అన్నా నమ్మరా? పార్టీ కాదు, నేను. నేను వేయిస్తాను!"

గంట.

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు దాన్ని అసహ్యం అనుకున్నారు.

"ఎన్నికల లోపు కాదయ్యా బాబూ, ఇవాళే! ఇవాళే వేయిస్తాను! మా ఆఫీసు కోసం తెచ్చుకున్న కొత్త ఫ్యాను ఉంది, డబ్బా కూడా విప్పలేదు. అదే తెప్పిస్తాను. ఇంకేం కావాలి చెప్పండి, నన్నలా చూడకండి!"

గంట, గంట. ప్రద్యుమ్న ఆయన నోరు మూయబోతే తోసేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి. నాకు జాలి వెయ్యలేదు. ఆయన మెడలోంచి గాలి డబ్బా లాక్కుని, వేదిక దిగి వెళ్ళి హేమ మూతికి పెట్టాను. ఆయన అడ్డు చెప్పలేదు, చెప్పే స్థితిలో లేరు.


చిట్టా 49

దిద్దిన మాట: "మౌన వ్యూహం." పార్టీ ప్రకటనలో కొట్టేశాను. మళ్ళీ రాశారు.

ఫ్యాను ఆ రాత్రే వచ్చింది. పార్టీ మనుషులే మోసుకొచ్చి బిగించారు. అది తిరగడం మొదలుపెట్టాక హేమ పెదవుల రంగు మెల్లగా తిరిగొచ్చింది. "ఆకలేస్తోందమ్మా" అంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత ఉప్మా చేశాను.

పొద్దున్నే గజపతి ఊరేగింపు తీశాడు. ఆరో అంతస్తు ప్రజల చేత చారిత్రక మౌనం పాటింపజేసింది తామేనట. ఒక్క ఊ లేకుండా సింహాసనాన్ని వణికించారట. మా ఆఫీసుకి వెళ్తే అక్కడ ప్రద్యుమ్న విలేఖరులకి చెబుతున్నాడు: నాయకుడు జనం మౌనంలోని బాధ వినగలడని నిరూపించడానికే ఈ సభను అలా రూపొందించామని. ఇద్దరూ ఒకే మాట వాడారు, మౌన వ్యూహం. నిన్న ఆ మందిరంలో జనానికి ఊపిరి ఆడలేదన్న సంగతి రెండు పక్షాల్లోనూ ఒక్కడు నోరు జారి కూడా అనలేదు.

నా పార్టీ కార్డు బల్ల మీద పడేసి వచ్చేశాను. చిట్టా మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, ఇంకా తిట్టాల్సినవాళ్ళు మిగిలారు.


చిట్టా 50

ఈ రోజు ఫ్యాను ప్రారంభోత్సవం. తిరుగుతున్న ఫ్యానుని మళ్ళీ ఆపి, రిబ్బను కట్టి, కత్తిరించి, మళ్ళీ తిప్పారు.

ఎంత చక్కటి గాలో! మందిరంలో అందరి ముఖాలూ కడిగినట్టున్నాయి. సింహాచలం పిన్ని కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. హేమ తన కాళ్ళ మీద తనే నడిచొచ్చింది, కడుపు మీద చెయ్యేసుకుని, నా పక్కన కూర్చుంది. చలమయ్య గారికి హారతి ఇచ్చారు. దిష్టి తీశారు. మొన్న ఆయన్ని చూసి కళ్ళు మూసుకున్న ముసలాయనే వెళ్ళి దండ వేశాడు.

ఈ ప్రసంగం నేను రాయలేదు. మొదటి మాట వినగానే ఎవరు రాశారో అర్థమైంది.

"ఈ ఫ్యాను ఎవరిది? నాదా? కాదు. మనది!"

జనం మురిసిపోయారు. నేను లేచి అరుద్దామంటే చుట్టూ చప్పట్లు.

"మనది మనమే కాపాడుకోవాలి కదా! ఎన్నికల లోపు దీనికి కొత్త ఫిల్టరు మనమే వేసుకుందాం. ఎవర్నీ అడగొద్దు. ఏమంటారు?"

ఫిల్టర్లు ఎవరి స్టోరులో ఉన్నాయో నాకు తెలుసు. ప్రద్యుమ్న వేదిక చివర చేతులు కట్టుకుని చిన్నగా నవ్వుతున్నాడు. నేను చటుక్కున హేమ నోటి మీద చెయ్యి అదిమాను. నాకున్నవి రెండే చేతులు, నోళ్ళు ఆరో అంతస్తు నిండా ఉన్నాయి.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని, గుండెల నిండా, "ఊఁ!" అన్నారు.

గంట మోగింది. చాలాసేపు మోగింది, ఇంతమందిని లెక్కపెట్టుకోవాలి కదా.

హేమ నా చెయ్యి విడదీసుకుంది. చిరాకుగా చూసింది. "ఏంటమ్మా ఇది, నలుగురిలో! అంత పెద్దాయన, గాలిచ్చిన మనిషి, అలా అడుగుతుంటే ఉలక్కుండా కూర్చుంటే ఏం బావుంటుంది?" అంది.

అని, వేదిక వైపు తిరిగి, మర్యాదగా, "ఊ" అంది.

దాని ఒక్కదాని కోసం గంట ఇంకోసారి మోగింది.